బాబీ ఓర్, అతని 1966 రూకీ కార్డు: తరచుగా అడిగే ప్రశ్నలు

బాస్టన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లలో చాలామందికి ఐస్ హాకీని పిల్లలే నేర్పారు. మా ఇంట్లోనూ అంతే. ఆరేళ్లప్పుడు మావాడు స్కేట్లు కావాలని పట్టుబట్టాడు. వాడు మంచు మీద పడుతూ లేస్తూ ఉంటే నేను గాజు గోడ ఇవతల కూర్చుని చూసేవాణ్ణి. ఆ రింకుల్లో పెద్దవాళ్ల నోట మాటిమాటికీ వినిపించిన పేరు బాబీ ఓర్, ఒకప్పటి బాస్టన్ బ్రూయిన్స్ జట్టు ఆటగాడు. 1978లో ఆట మానేసిన మనిషి గురించి నిన్న సాయంత్రం చూసొచ్చినట్టు మాట్లాడేవారు. అలా అతని ఆట మీద, తర్వాత అతని మొదటి కార్డు (బబుల్‌గమ్‌తో వచ్చే ఆటగాడి బొమ్మ) మీద నాకు ఇష్టం ఏర్పడింది. ఇంటికి వచ్చే చుట్టాలు, స్నేహితులు వాటి గురించి నన్ను అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

మనకు తెలిసిన హాకీకీ దీనికీ తేడా ఏమిటి?

మన హాకీ పచ్చిక మీద, బంతితో. ఇది మంచు మీద, పక్‌తో. పక్ అంటే గట్టి నల్ల రబ్బరు బిళ్ల, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం. ఒక్కో జట్టు నుంచి ఒకేసారి ఆరుగురు మంచు మీద ఉంటారు: గోల్‌కీపర్, ఇద్దరు డిఫెన్స్‌మన్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు. ఇరవై నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు ఆడతారు. ఇంత వేగంగా కదులుతూ ఎవరూ ఎక్కువసేపు ఆడలేరు కాబట్టి నిమిషం తిరక్కుండానే ఆటగాళ్లు మారిపోతుంటారు. గోల్ కొట్టినవాడికి ఒక పాయింట్, ఆ గోల్‌కి ముందు పక్ అందించినవాళ్లకు, ఇద్దరి దాకా, ఒక్కో పాయింట్ వస్తుంది. పక్ అందించడాన్ని అసిస్ట్ అంటారు. ఈ లెక్క గుర్తుంచుకుంటే ఓర్ అంకెలు ఎందుకంత పెద్దవో తెలుస్తుంది.

డిఫెన్స్‌మన్ పనేమిటి?

ఎదుటివాళ్లను తన గోల్ దగ్గరికి రానివ్వకపోవడం. ఓర్ వచ్చేనాటికి చాలా జట్లలో డిఫెన్స్‌మన్ అంటే కాపలాదారు. పక్ దొరికితే ముందున్న ఫార్వర్డ్‌కి అందించి తన చోటికి తిరిగొచ్చేవాడు. ముందుకు వెళ్లిన డిఫెన్స్‌మన్లు అసలే లేరని కాదు. 1930ల్లో ఇదే బాస్టన్ జట్టులో ఎడ్డీ షోర్ ఉన్నాడు, 1950ల్లో మాంట్రియల్‌లో డగ్ హార్వీ ఆట మొత్తాన్ని వెనక నుంచే నడిపాడు. కానీ జట్టులో అందరికంటే ఎక్కువ పాయింట్లు, ఆ మాటకొస్తే లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్, ఉత్తర అమెరికా పెద్ద హాకీ లీగ్) మొత్తంలో ఎక్కువ పాయింట్లు, డిఫెన్స్‌మన్ తెస్తాడని ఎవరూ అనుకోలేదు.

బాబీ ఓర్ ఏ ఊరివాడు?

కెనడాలో ఒంటారియో రాష్ట్రం, జార్జియన్ బే ఒడ్డున ప్యారీ సౌండ్ అనే చిన్న ఊరు. 1948 మార్చి 20న పుట్టాడు. అయిదుగురు పిల్లలున్న ఇల్లు, చేతిలో పెద్దగా డబ్బు ఉండేది కాదు. చలికాలంలో సెగ్విన్ నది, జార్జియన్ బే గడ్డకడితే పిల్లలంతా అక్కడే. అలాంటి చోట పక్ ఒక్కటే ఉంటుంది, పిల్లలు ఇరవై మంది ఉంటారు. అది చేతికొస్తే వదలకుండా ఎంతసేపు తిప్పగలిగితే అంతసేపు ఆట మీది. ఓర్ దగ్గర చివరిదాకా కనిపించిన గుణం ఇదే. తన జట్టులో ఒకడు తప్పు చేసినందుకు పెనాల్టీలో కూర్చుని, గోల్‌కీపర్ కాక నలుగురే మిగిలినప్పుడు కూడా, పక్ దగ్గర పెట్టుకుని ఎదుటి జట్టు మొత్తాన్ని తన వెనక తిప్పుకునేవాడు. ఆ పాత ఆటల వీడియోలు ఇప్పటికీ దొరుకుతాయి. వాటిలో ఒక్కటైనా చూడమని అడిగినవాళ్లందరికీ చెబుతుంటాను.

పద్నాలుగేళ్లకే బాస్టన్ అతన్ని ఎలా పట్టేసింది?

1961లో గానొనాక్వే అనే ఊళ్లో పిల్లల పోటీకి బాస్టన్ బ్రూయిన్స్ వాళ్లు వేరే కుర్రాళ్లను చూడటానికి వెళ్లారు. అక్కడ కళ్లు ఓర్ మీద పడ్డాయి. వాళ్ల మనిషి రెన్ బ్లెయిర్ ఆ తర్వాత ప్యారీ సౌండ్‌కి తిరుగుతూనే ఉన్నాడు. అప్పట్లో సీ ఫారం అని ఒక కాగితం ఉండేది. దాని మీద సంతకం పడితే ఆ కుర్రాడి వృత్తి హక్కులన్నీ ఆ ఒక్క క్లబ్‌వే. 1962లో ఓర్ కుటుంబం సంతకం చేసింది. బదులుగా వచ్చినవాటిలో కొంత నగదుతో పాటు ఇంటి బయటి గోడలకు కొత్త పూత వేయించడం కూడా ఉంది. ఆ శతాబ్దపు గొప్ప ఆటగాడి హక్కులు, గోడల పూత ఖర్చుతో కలిపి! ఇది చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. పద్ధతి తర్వాత పోయింది, ఆటగాళ్లను డ్రాఫ్ట్ ద్వారా, అంటే క్లబ్‌లు వంతులవారీగా, ఎంచుకోవడం వచ్చింది.

పద్నాలుగేళ్లకే ఒషావా జెనరల్స్ జట్టులో తనకంటే నాలుగైదేళ్లు పెద్దవాళ్లతో ఆడాడు. మొదటి ఏడాది ఇంటి దగ్గరే చదువుకుంటూ ఆటల కోసం కారులో వెళ్లొచ్చేవాడు. 1966లో ఆ జట్టు కెనడా జూనియర్ జట్ల మెమోరియల్ కప్ ఫైనల్‌కి చేరింది. ఓర్ గజ్జల్లో గాయంతోనే ఆడాడు, కప్ మాత్రం ఎడ్మంటన్ వాళ్లు పట్టుకుపోయారు.

మొదటి సీజన్ ఎలా గడిచింది?

1966 అక్టోబర్ 19న డెట్రాయిట్ మీద మొదటి ఆట. వయసు 18. ఎదుటి జట్టులో అప్పటి మేటి ఆటగాడు గోర్డీ హోవ్. ఆ రాత్రే ఒక అసిస్ట్ ఇచ్చాడు. మూడు రోజులకు మాంట్రియల్ మీద మొదటి గోల్. ఆ సీజన్‌లో 61 ఆటల్లో 13 గోల్స్, 28 అసిస్ట్‌లు, మొత్తం 41 పాయింట్లు. కొత్త ఆటగాళ్లలో ఉత్తముడికిచ్చే కాల్డర్ ట్రోఫీ అతనికే వచ్చింది. జట్టు మాత్రం ఆరింటిలో ఆఖరి స్థానంలో నిలిచింది.

ఉత్తమ డిఫెన్స్‌మన్‌కిచ్చే నోరిస్ ట్రోఫీ ఆ ఏడాది న్యూయార్క్ ఆటగాడు హ్యారీ హొవెల్‌కి దక్కింది. ఈసారే రావడం నా అదృష్టం, ఇకమీదట ఇది ఓర్‌దే అన్న అర్థంలో ఆయన మాట్లాడాడు. అన్నట్టే తర్వాతి ఎనిమిదేళ్లూ, 1968 నుంచి 1975 దాకా, ఆ ట్రోఫీ ఇంకొకరి చేతికి వెళ్లలేదు.

అతను కొత్తగా చేసిందేమిటి?

స్కేటింగ్. మిగతాదంతా దాని నుంచే వచ్చింది. తన గోల్ వెనక పక్ తీసుకుని మెల్లగా బయల్దేరేవాడు. మధ్య గీత దగ్గర ఒక్క అడుగు బలంగా తొక్కితే ఎదురుగా ఉన్నవాడు అక్కడే ఆగిపోయేవాడు. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, ముందుకెళ్లి పక్ పోగొట్టుకున్నా వెనక్కి రాగలగడం. అంతకుముందు కోచ్‌లు డిఫెన్స్‌మన్‌ని ముందుకు పోనివ్వకపోవడానికి కారణం ఒక్కటే: వెనక ఖాళీ అవుతుందనే భయం. ఓర్‌కి ఆ ఖాళీని నింపేంత వేగం ఉంది. దాంతో అతను మంచు మీద ఉన్నంతసేపూ బాస్టన్‌కి నాలుగో ఫార్వర్డ్ ఉన్నట్టే, అయినా డిఫెన్స్ తగ్గనట్టే.

అతని సామాన్ల గురించి ఒక మాట. ఆటగాళ్లు స్టిక్ కొసకి మందంగా టేపు చుట్టుకుంటారు. ఓర్ ఆ టేపును తగ్గించుకుంటూ పోయి, చివరికి ఒక్క పట్టీతో ఆడేవాడు. స్కేట్లలోకి మేజోళ్లు లేకుండా ఉత్త పాదాలే పెట్టేవాడు. ఈ సంగతి తెలిశాక ఒకసారి రింక్ బల్ల మీద కూర్చుని మావాడి స్కేటులో చేయి పెట్టి చూశాను. లోపల చల్లగా, గరుకుగా, అట్టలా ఉంది. ఉత్త కాలు పెట్టి అందులో గంటసేపు ఎలా ఉంటారో ఊహకందలేదు.

1969-70లో 120 పాయింట్లతో లీగ్ మొత్తానికి మొదటి స్థానంలో నిలిచి ఆర్ట్ రాస్ ట్రోఫీ గెలిచాడు. డిఫెన్స్‌మన్ దాన్ని గెలవడం అదే మొదటిసారి. 1974-75లో మళ్లీ గెలిచాడు. ఇవాళ్టిదాకా ఇంకో డిఫెన్స్‌మన్ ఎవరూ గెలవలేదు. 1970లోనే ఆర్ట్ రాస్, నోరిస్, ఉత్తమ ఆటగాడికిచ్చే హార్ట్, ప్లేఆఫ్స్‌లో (కప్ కోసం సీజన్ చివర ఆడే దశలో) మేటికిచ్చే కాన్ స్మైత్, నాలుగూ ఒకే సీజన్‌లో ఇంటికి తెచ్చుకున్నాడు. అలా ఇంకెవరూ తెచ్చుకోలేదు.

+124 అని రాస్తుంటారు, అదేమిటి?

ప్లస్-మైనస్ అనే లెక్క. మీరు మంచు మీద ఉండగా మీ జట్టు గోల్ కొడితే ప్లస్ ఒకటి, ఎదుటి జట్టు కొడితే మైనస్ ఒకటి. ఎదుటివాళ్లు పెనాల్టీలో ఉండి మనిషి తక్కువైనప్పుడు కొట్టే గోల్స్ ఇందులో చేరవు. 1970-71లో ఓర్ సీజన్ పూర్తయ్యేసరికి +124 దగ్గర ఉన్నాడు. మంచి ఆటగాడికి +30 వస్తేనే గొప్పగా చెప్పుకుంటారు. అదే ఏడాది 37 గోల్స్, 102 అసిస్ట్‌లు, 139 పాయింట్లు. 139 కూడా డిఫెన్స్‌మన్ల రికార్డుగా ఇంకా నిలిచే ఉంది. 1985-86లో పాల్ కాఫీ 138 దాకా వచ్చి ఆగిపోయాడు.

గాల్లో పక్షిలా ఎగురుతున్న ఆ ఫొటో ఎప్పటిది?

1970 మే 10, ఆదివారం, బాస్టన్ గార్డెన్. లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఫైనల్ సిరీస్‌లో నాలుగో ఆట, ప్రత్యర్థి సెయింట్ లూయిస్ బ్లూస్. స్కోరు మూడుకి మూడు, ఆట ఓవర్‌టైమ్‌కి వెళ్లింది. నలభై సెకన్లు గడిచాయి. ఎదుటివాళ్లు గోడవారగా బయటికి కొట్టబోయిన పక్‌ని ఓర్ ముందుకొచ్చి ఆపాడు. అది పెద్ద సాహసం. తప్పిపోయుంటే వెనక ఎవరూ లేరు. ఆపిన పక్‌ని గోల్ వెనక ఉన్న డెరెక్ శాండర్సన్‌కి ఇచ్చి తాను నేరుగా గోల్ ముందుకి దూసుకెళ్లాడు. శాండర్సన్ తిరిగి ఇచ్చాడు. గోల్‌కీపర్ గ్లెన్ హాల్ పక్కకి జరిగేలోపే పక్ లోపలికి వెళ్లింది. సరిగ్గా అప్పుడు నోయెల్ పికార్డ్ స్టిక్ ఓర్ కాలికి అడ్డం తగిలింది. ఓర్ పైకి లేచాడు, రెండు చేతులూ చాపి, నోరు తెరిచి, మంచుకు సమాంతరంగా. గోల్ అయిందని అతనికి అప్పటికే తెలుసు. ఫొటోలో ఆ మొహం దగ్గరగా చూడండి, పడబోతున్నవాడి భయం అందులో ఎక్కడా లేదు.

తీసింది బాస్టన్ రికార్డ్ అమెరికన్ పత్రిక ఫొటోగ్రాఫర్ రే లూసియే. ఆ చివర కూర్చోవాల్సిన వేరే ఫొటోగ్రాఫర్ ఉక్కకు తట్టుకోలేక బీరు కోసం లేచి వెళ్తే, ఖాళీ అయిన స్టూలు మీద ఈయన కూర్చున్నాడని చెబుతారు. బాస్టన్‌కి 1941 తర్వాత అదే మొదటి కప్. నంబర్ ఇష్టపడేవాళ్లకు ఇంకో సంగతి: నాలుగో ఆట, నాలుగో పీరియడ్, జట్టుకి నాలుగో గోల్, కొట్టినవాడి జెర్సీ నంబర్ 4, పడేసినవాడిదీ 4.

ఆ భంగిమలోనే 2010లో కంచు విగ్రహం పెట్టారు, టీడీ గార్డెన్ బయట. బాస్టన్ వచ్చే చుట్టాలను హార్వర్డ్ చూపించాక అక్కడికి తీసుకెళ్తాను. ఒకసారి మా మామయ్య దాని కింద నిలబడి చాలాసేపు చూసి, "ఇతను పడ్డాడా, ఎగిరాడా?" అని అడిగారు. రెండూ నిజమే మామయ్యా అన్నాను.

మోకాలి కథ ఏమిటి?

మొదటి సీజన్‌లోనే, 1966 డిసెంబర్‌లో, టొరంటో ఆటగాడు మార్సెల్ ప్రోనోవోస్ట్ గోడకేసి ఆపినప్పుడు ఎడమ మోకాలి లిగమెంట్ దెబ్బతింది. అక్కడి నుంచి లెక్క మొదలు. అన్నీ కలిపి డజనుకు పైగా ఆపరేషన్లు. అప్పటికి చిన్న రంధ్రంతో కెమెరా పంపి చేసే పద్ధతి వాడుకలోకి రాలేదు. మోకాలు పెద్దగా కోసి తెరిచేవారు, దెబ్బతిన్న మృదులాస్థిని తీసేసేవారు. తీసేసింది తిరిగి రాదు. ఎముక మీద ఎముక రాసుకుంటూ ఆడాడు.

దీనివల్లే 1972లో సోవియట్ జట్టుతో జరిగిన చారిత్రక సిరీస్‌లో కెనడా జట్టుతో పాటు వెళ్లినా ఒక్క ఆటా ఆడలేకపోయాడు. ఆ ఏడాది వసంతంలోనే న్యూయార్క్ మీద గెలుపు గోల్ కొట్టి బాస్టన్‌కి మళ్లీ కప్ తెచ్చి, రెండోసారి కాన్ స్మైత్ గెలిచిన మనిషి. 1976లో మొదటి కెనడా కప్ జరిగినప్పటికి కాలు దాదాపు పనికిరాకుండా పోయింది. అయినా ఆడి టోర్నమెంట్ ఉత్తమ ఆటగాడయ్యాడు. దేశం జెర్సీలో అతన్ని పెద్ద వేదిక మీద చూసింది ఆ ఒక్కసారే.

బాస్టన్ వదిలి షికాగో ఎందుకు వెళ్లాడు?

దీని జవాబు రాయడం నాకు కష్టంగానే ఉంటుంది. ఓర్ ఏజెంట్ అలన్ ఈగల్సన్. ఓర్ అతన్ని సొంత అన్నలా నమ్మాడు, కాంట్రాక్టులు చదవకుండా అతనికే వదిలేశాడు. 1976లో బాస్టన్ యాజమాన్యం జీతంతో పాటు క్లబ్‌లో 18.5 శాతం వాటా ఇస్తామంది. ఆ సంగతి ఓర్‌కి ఈగల్సన్ చెప్పలేదు. బాస్టన్‌కి మనం అక్కర్లేదన్నట్టు నమ్మించి షికాగోకి పంపాడు. షికాగో యజమాని ఈగల్సన్‌కి దగ్గరివాడు.

షికాగో తరఫున మొత్తం 26 ఆటలే ఆడగలిగాడు. మధ్యలో ఒక సీజన్ పూర్తిగా కూర్చున్నాడు. ఆడకుండా జీతం తీసుకోనని అక్కడి చెక్కులు మార్చుకోలేదు. 1978 అక్టోబర్ 28న డెట్రాయిట్‌లో చివరి గోల్, నవంబర్‌లో విరమణ. వయసు 30. చేతిలో డబ్బు కూడా మిగల్లేదని తర్వాతే తెలిసింది. 1998లో ఈగల్సన్ మోసం కేసుల్లో నేరం ఒప్పుకున్నాడు, జైలుకెళ్లాడు. అతని పేరు హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో (ఆటలో గొప్పవాళ్లకిచ్చే గౌరవస్థానంలో) ఉంటే మా పేర్లు తీసేయండని ఓర్ సహా పలువురు పాత ఆటగాళ్లు తేల్చి చెప్పడంతో అక్కడి నుంచీ తప్పుకున్నాడు.

తర్వాత ఓర్ తానే ఏజెంట్ అయ్యాడు. కుర్రాళ్ల కాంట్రాక్టులు చూసే సంస్థ పెట్టాడు. ఈ తరం మేటి ఆటగాడు కానర్ మెక్‌డేవిడ్ లాంటివాళ్లు ఆ సంస్థ ద్వారానే వచ్చారు. తనకు జరిగింది ఇంకొకరికి జరగకూడదని అనుకుని ఉంటాడని నా నమ్మకం.

మొత్తం అంకెలు చెప్పండి.

657 ఆటలు, 270 గోల్స్, 645 అసిస్ట్‌లు, 915 పాయింట్లు. హార్ట్ మూడు, నోరిస్ ఎనిమిది, ఆర్ట్ రాస్ రెండు, కాన్ స్మైత్ రెండు, కప్‌లు రెండు. 1969-70 నుంచి 1974-75 దాకా వరసగా ఆరు సీజన్లు వందకు పైగా పాయింట్లు. మామూలుగా ఉండే నిరీక్షణ కాలాన్ని పక్కనపెట్టి 1979లో, 31 ఏళ్లకే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు.

మొత్తం పాయింట్లలో తర్వాత చాలామంది అతన్ని దాటారు. తర్వాతి తరం డిఫెన్స్‌మన్ రే బర్క్ 1,579 దగ్గర ఆగాడు. అయితే బర్క్ ఆడింది 1,600 పైచిలుకు ఆటలు. అంకెలు పోల్చేటప్పుడు ఇది మరవకండి.

ఇక కార్డు సంగతి. రూకీ కార్డు అంటే ఏమిటి?

ఆటగాడి పేరు మీద ఒక పెద్ద కంపెనీ సెట్‌లో వచ్చిన మొట్టమొదటి కార్డు. చిన్నప్పుడు మనం బబుల్‌గమ్‌తో వచ్చే క్రికెటర్ల బొమ్మలు దాచుకున్నట్టే, అక్కడి పిల్లలు అయిదు సెంట్ల ప్యాకెట్ కొని, గమ్ నమిలి, కార్డులు మార్చుకునేవారు. సైకిల్ చక్రం ఊచల మధ్య పెట్టి టపటపమనిపించేవారు. గోడకేసి విసిరి ఎవరిది దగ్గర పడితే వాళ్లు గెలిచే ఆట ఆడేవారు. పిల్లలు అలా వాడి పారేయడం వల్లే బాగున్నవి అంత అరుదు.

ఓర్ రూకీ కార్డు ఏది? చూస్తే ఎలా గుర్తుపట్టాలి?

1966-67 టాప్స్ కంపెనీ సెట్, 35వ నంబర్. సెట్ మొత్తం 132 కార్డులు. లీగ్‌లో అప్పటికి ఆరే జట్లు. ఫొటో చుట్టూ పాతకాలం టీవీ పెట్టెలాంటి చట్రం ఉంటుంది, గోధుమరంగు చెక్క గీతలతో. 1966లో ఇళ్లలోకి రంగుల టీవీ వస్తున్న రోజులు కాబట్టి పిల్లలకు ఆ బొమ్మ ఎంత కొత్తగా ఉండేదో అనుకోండి. వెనకవైపు రాత ఇంగ్లిష్‌లోనూ ఫ్రెంచ్‌లోనూ ఉంటుంది, ఎందుకంటే ఈ కార్డులు కెనడా మార్కెట్ కోసం వేసినవి. అక్కడ టాప్స్ పనులు చూసింది ఒంటారియోలోని లండన్ ఊరి ఓ-పీ-చీ కంపెనీ. చాలా ఏళ్ల విరామం తర్వాత ఓ-పీ-చీ సొంత పేరుతో హాకీ సెట్ వేయడం 1968-69లో మళ్లీ మొదలైంది. కాబట్టి "1966 ఓ-పీ-చీ ఓర్ రూకీ" అని ఎవరైనా అమ్మజూపితే అక్కడే ఆగిపోండి, అలాంటిది లేదు.

నాకు ఈ కార్డు మీద ఇంత ప్రేమ ఎందుకో చెప్పాలి. ఓర్ కార్డులు తర్వాత చాలా వచ్చాయి. కానీ ఈ ఫొటో తీసేనాటికి డాక్టర్ల కత్తి ఆ మోకాలిని ఇంకా తాకలేదు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు, పొట్టిగా కత్తిరించిన జుట్టు, ముందేముందో తెలియని మొహం.

అమెరికా టెస్ట్ కార్డు అని వేరే ఉందట?

ఉంది. అదే ఏడాది అమెరికాలో అమ్ముడవుతాయో లేదో చూడటానికి టాప్స్ 66 కార్డుల చిన్న సెట్ వేసింది. చట్రం చెక్కరంగు కాస్త లేతగా ఉంటుంది, వెనక రాత ఇంగ్లిష్‌లో మాత్రమే. కెనడా కార్డు కంటే ఇది బాగా అరుదు. తేడా తెలియాలంటే కార్డు తిప్పి ఫ్రెంచ్ ఉందా లేదా చూస్తే చాలు.

మంచి స్థితిలో ఎందుకు దొరకదు?

ఆ చెక్కరంగు చట్రమే కారణం. తెల్ల అంచున్న కార్డు మూల కాస్త నలిగినా కంటికి ఆనదు. ఇక్కడ గోధుమరంగు సరిగ్గా అంచు దాకా ఉంది. గోరు తగిలినా రంగు లేచి కింది తెల్ల అట్ట బయటపడుతుంది. ఒక కార్డుల ప్రదర్శనలో బల్ల అవతలి పెద్దాయన అద్దం పెట్టె తెరిచి ఒకటి నా చేతికిచ్చారు. భూతద్దంలో చూస్తే కుడివైపు అంచు పొడవునా తెల్లటి చుక్కలు, బియ్యపు నూక చల్లినట్టు. పై మూల గుండ్రంగా అరిగిపోయి ఉంది. ఎవరో పిల్లాడు జేబులో వేసుకుని తిరిగి ఉంటాడు. కోత సరిగ్గా మధ్యకు రాకపోవడం ఇంకో చిక్కు, ఒకవైపు చట్రం లావుగా, ఇంకోవైపు సన్నగా ఉన్నవే ఎక్కువ.

గ్రేడింగ్ అంటే? తప్పనిసరా?

పీఎస్ఏ, ఎస్‌జీసీ, బెకెట్ లాంటి సంస్థలు కార్డు అసలుదో కాదో చూసి, మూలలు, అంచులు, ఉపరితలం, మధ్యకు ఉందా లేదా పరీక్షించి, 1 నుంచి 10 దాకా మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేస్తాయి. ఈ కార్డు విషయంలో మార్కు ఒక్క మెట్టు పెరిగితే ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. అంత డబ్బు పెట్టి కొనేటప్పుడు గ్రేడింగ్ లేని ఓర్ రూకీని ముట్టుకోవద్దనే చెబుతాను.

నకిలీని ఎలా పట్టుకోవాలి?

రీప్రింట్లు బోలెడు ఉన్నాయి. కొన్ని నిజాయితీగా రీప్రింట్ అని రాసినవే. ఆ మాట చెరిపి అమ్మేవాళ్లు ఉంటారు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఒకటి కొనుక్కోండి. అసలు కార్డులో ఫొటో చిన్నచిన్న రంగు చుక్కలతో గులాబీ పూల అల్లికలా కనిపిస్తుంది, అక్షరాలు మాత్రం గట్టి గీతలతో ఉంటాయి. అసలు కార్డుని ఫొటో తీసి మళ్లీ ముద్రించినదైతే అక్షరాల్లోనూ చుక్కలే కనిపిస్తాయి. మరీ తెల్లగా మెరిసే అట్ట ఇంకో గుర్తు. ఆ కాలం అట్ట కాస్త పసుపు తిరిగి ఉంటుంది.

నాకూ ఒకసారి దెబ్బ తగిలింది. ఆన్‌లైన్‌లో ఒకతను "తాతగారి పెట్టెలో దొరికింది" అని మూలలు అరిగిన కార్డు చూపించాడు. ధర నా జేబుకి అందేలా ఉంది. ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు, అంత సంతోషం. వచ్చాక భూతద్దం పెడితే పేరులోని అక్షరాలు చుక్కలు చుక్కలుగా విడిపోయాయి. కావాలని టీ నీళ్లలో ముంచి పాతదానిలా చేశారని తెలిసినవాళ్లు చెప్పారు. డబ్బు తిరిగి రాలేదు.

గ్రెట్జ్‌కీ కార్డు కోట్లు పలికింది కదా, ఓర్‌ది తక్కువా?

ఓర్ తర్వాతి తరం హాకీ దిగ్గజం వేన్ గ్రెట్జ్‌కీ 1979 ఓ-పీ-చీ రూకీ, పీఎస్ఏ 10 ఉన్నది, 2021లో 37.5 లక్షల డాలర్లకు అమ్ముడైంది. ఓర్ కార్డు ఆ స్థాయికి చేరలేదు. కానీ మామూలు స్థితిలో ఉన్న కార్డులను పక్కపక్కన పెట్టి చూస్తే, సరిగ్గా పదమూడేళ్లు పాతదైన ఓర్ కార్డే దొరకడం కష్టం. 1970కి ముందటి హాకీ కార్డుల్లో ఎక్కువమంది మనసుపడేవాటిలో ఇదొకటి. పెట్టుబడి కోసం కొనాలా అని అడిగితే నేను ఔననలేను. 2020, 2021ల్లో కార్డుల ధరలు పిచ్చిగా పెరిగి తర్వాత కిందకి జారడం కళ్లారా చూశాం. ఇష్టముంటే కొనండి.

అంత డబ్బు లేనివాళ్ల సంగతి?

1967-68 టాప్స్ 92వ నంబర్ కార్డు చూడండి, అది ఓర్ రెండో ఏడాదిది. ఆ తర్వాత 1968-69 కార్డు, 2వ నంబర్. 1970ల మధ్యకొచ్చేసరికి ధరలు బాగా దిగుతాయి. అన్నీ అదే మనిషివి.

మన ఊళ్లలో దాచుకోవాలంటే?

విశాఖ, కాకినాడ లాంటి చోట్ల గాలిలో తేమ ఎక్కువ. పాత అట్ట తేమ పీల్చి వంగుతుంది, బూజు పడుతుంది. మెత్తటి పలచని తొడుగులో పెట్టి, దాన్ని గట్టి ప్లాస్టిక్ పలకలో దూర్చి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికా సంచి వేసి ఉంచండి. ఎండ తగిలే గోడకి ఫ్రేమ్ కట్టి వేలాడదీయకండి, రంగు వెలిసిపోతుంది. రబ్బరు బ్యాండ్ అసలే వద్దు, అంచుల్లోకి కోసేస్తుంది.

మీ దగ్గర ఓర్ రూకీ ఉందా?

లేదు. నా దగ్గరున్నది రెండో ఏడాది కార్డు. మధ్యలో ఒక మడత, వెనక నీలం పెన్నుతో ఎవరో పిల్లాడు రాసుకున్న 4 అంకె. పెన్ను గీత ఉందని అమ్మినాయన ధర తగ్గించాడు. నేను కొన్నది ఆ అంకె కోసమే.